బీమా ఉంది, చీటీ ఉంది, మరి బిల్లెందుకు? అమెరికాలో గర్భనిరోధక మాత్రల చిక్కు

అమెరికాలో ఆరోగ్య బీమా ఉన్న మహిళకు డాక్టరు గర్భనిరోధక మాత్రలు రాస్తే, వాటికి ఆమె జేబులోంచి ఒక్క సెంటు కూడా తీయనక్కర్లేదు. 2012 ఆగస్టు నుంచి అత్యధిక బీమా ప్లాన్లకు వర్తిస్తున్న ఫెడరల్ నిబంధన చెప్పేది ఇదే. అయినా మందుల షాపులో కార్డు ఇచ్చాక "దీనికి కో-పే చూపిస్తోందండీ" అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. కో-పే అంటే బీమా పోను మన వాటాగా కట్టాల్సిన డబ్బు. అంతకన్నా వింత ఇంకోటుంది. 2024లో డాక్టరు చీటీ లేకుండానే కొనుక్కోగల మాత్ర ఒకటి షాపుల్లోకి వచ్చింది. చీటీ అక్కర్లేదు కాబట్టే చాలామందికి దానికి బీమా వర్తించడం లేదు. సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తోంది.

క్లుప్తంగా: బీమాలో ఉండటం వేరు, మందు చేతికి రావడం వేరు. 2010 నాటి ఆరోగ్య చట్టం మొదటి సమస్యను చాలావరకు తీర్చింది. ఇప్పుడు మిగిలినవి చాలావరకు రెండో రకం సమస్యలే: మందుల జాబితాలు, బిల్లింగ్ కోడ్‌లు, నెలకో ప్యాకెట్ నిబంధన, యజమానుల మత మినహాయింపులు, వీటన్నిటికీ మధ్యలో డాక్టరు చీటీ.

### వయాగ్రా వచ్చాక రేగిన ప్రశ్న

అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 1957లో ఎనోవిడ్ అనే మాత్రను నెలసరి సమస్యలకు అనుమతించింది. 1960లో అదే మాత్రకు గర్భనిరోధకంగా అనుమతి దొరికింది. దాన్ని వాడుకునే హక్కు మాత్రం కోర్టుల చుట్టూ తిరిగి వచ్చింది. సుప్రీంకోర్టు 1965లో పెళ్లయిన దంపతులకు, 1972లో పెళ్లికానివారికి ఆ హక్కును ఖాయం చేసింది. హక్కు వచ్చింది కానీ డబ్బెవరు కడతారన్న ప్రశ్నకు తర్వాత పాతికేళ్లకు పైగా సరైన జవాబు దొరకలేదు.

బీమా కంపెనీలు వద్దనడానికి వాటి లెక్కలు వాటికున్నాయి. అనుకోకుండా వచ్చిపడే పెద్ద ఖర్చును నలుగురూ పంచుకోవడం బీమా పని. నెలనెలా వచ్చే, ముందే తెలిసిన చిన్న ఖర్చుకు బీమా ఇవ్వడమంటే కారు పెట్రోలుకు బీమా ఇచ్చినట్టే అన్నది వాటి వాదన. రెండో లెక్క పైకి అంతగా చెప్పరు. మాత్రలకు ఇవాళ ఖర్చు పెడితే తప్పేది ఎప్పుడో వచ్చే కాన్పు ఖర్చు. ఆలోగా ఆ ఉద్యోగి కంపెనీ మారిపోవచ్చు, బీమా కూడా మారిపోవచ్చు. విత్తనం ఒకరిది, పంట ఇంకొకరిది అయినప్పుడు విత్తనం కొనడానికి ఎవరు ముందుకొస్తారు? ఇలాంటి చోట మార్కెట్ తనంతట తాను సర్దుకోదు. ఆదేశం అవసరమైంది అందుకే.

1998 మార్చిలో వయాగ్రాకు అనుమతి రావడంతో చర్చ మలుపు తిరిగింది. మగవారి మాత్రకు చాలా ప్లాన్లు కొద్ది నెలల్లోనే డబ్బు కట్టడం మొదలుపెట్టాయి. నలభై ఏళ్లుగా బజారులో ఉన్న ఆడవారి మాత్రకు లేని వీలు దీనికెలా వచ్చిందన్న ప్రశ్నకు బీమా కంపెనీల దగ్గర సరైన జవాబు లేదు. అదే ఏడాది మేరీలాండ్ గర్భనిరోధకాలకు బీమాను తప్పనిసరి చేసిన తొలి రాష్ట్రమైంది. ఫెడరల్ ఉద్యోగుల బీమాలోనూ వాటిని చేర్చాలని కాంగ్రెస్ ఆదేశించింది. ఇలా చేర్చినందుకు ప్రీమియం పెంచాల్సిన అవసరం రాలేదని ఆ బీమాను నడిపే ప్రభుత్వ విభాగం తర్వాత తేల్చింది. ఖర్చు వాదన ఆ రోజే సగం పలచబడింది.

కోర్టుల వైపు నుంచి కూడా ఒత్తిడి వచ్చింది. మిగతా నివారణ మందులకు డబ్బిస్తూ గర్భనిరోధకాలను మాత్రం పక్కనపెట్టడం లింగ వివక్షేనని ఉద్యోగాల్లో వివక్షను విచారించే ఫెడరల్ కమిషన్ 2000 డిసెంబరులో తేల్చింది. మరుసటి ఏడాది సియాటెల్‌లోని ఫెడరల్ కోర్టు కూడా ఆ మాటే అంది. ఆ కేసు వేసిన మహిళ ఒక ఫార్మసిస్టు. మీ బీమాలో ఇది లేదని రోజూ కౌంటర్లో ఇతరులకు చెప్పే ఆమెకు, తన యజమాని ఇచ్చిన బీమాలోనూ అది లేదు. అయితే 2007లో ఒక రైల్వే కంపెనీ కేసులో మరో ప్రాంతపు అప్పీలు కోర్టు దీనికి పూర్తిగా ఎదురు తీర్పిచ్చింది. దాంతో వివక్ష చట్టం దారి సగంలోనే ఆగింది.

### రాష్ట్రాల చేతికి అందని ప్లాన్లు

మేరీలాండ్ తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టినా లక్షలమంది ఉద్యోగులకు ఒరిగింది తక్కువ. కారణం ఎరిసా అనే 1974 నాటి ఫెడరల్ చట్టం.

పెద్ద కంపెనీలు చాలావరకు బీమా కొనవు. ఉద్యోగుల వైద్య ఖర్చును తమ ఖజానా నుంచే కట్టుకుంటాయి. కార్డు మీద కనిపించే బీమా కంపెనీ పేరు కేవలం కాగితాల పని చూసిపెట్టే గుమాస్తాది. ఇలాంటి స్వీయ బీమా ప్లాన్ల మీద రాష్ట్రాల బీమా చట్టాలు పనిచేయవని ఎరిసా చెబుతుంది. ఉద్యోగం ద్వారా బీమా ఉన్నవారిలో 60 శాతానికి పైగా ఇలాంటి ప్లాన్లలోనే ఉన్నారు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో ఉండి, ఒకే బీమా కంపెనీ పేరున్న కార్డులు పట్టుకున్న ఇద్దరు మహిళల్లో ఒకరికి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది, ఇంకొకరికి వర్తించదు. తమది ఏ రకం ప్లానో కార్డు చూసి కనిపెట్టడం మామూలు మనుషులకు దాదాపు అసాధ్యం. హెచ్‌ఆర్ విభాగాన్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఏడాది మందు ఒకేసారి ఇవ్వాలనో, చీటీ లేకపోయినా డబ్బు కట్టాలనో రాష్ట్రాలు చేస్తున్న కొత్త చట్టాలన్నీ ఇవాళ్టికీ ఈ గోడ దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ విషయంపై వార్తలు చదివి "మా రాష్ట్రంలో చట్టం వచ్చిందిగా, నాకెందుకు లేదు" అని తికమకపడేవారికి జవాబు చాలాసార్లు ఇదే.

### 2010 చట్టంతో వచ్చిన మార్పు

ఒబామా కేర్‌గా పేరుపడ్డ ఆరోగ్య చట్టంలో నివారణ సేవలకు కో-పే, డిడక్టిబుల్ (బీమా కట్టడం మొదలుపెట్టేలోగా ఏటా మనమే భరించాల్సిన మొత్తం) ఉండకూడదన్న సెక్షన్ ఉంది. మహిళల నివారణ సేవలను అందులో చేర్చే సవరణ తెచ్చింది మేరీలాండ్ సెనేటర్ బార్బరా మికుల్‌స్కీ. గమనించాల్సిందేమిటంటే, చట్టంలో గర్భనిరోధకం అనే మాట ఎక్కడా సూటిగా లేదు. ఏ సేవలు ఇవ్వాలో తేల్చే పనిని ఆరోగ్య శాఖలోని ఒక విభాగానికి అప్పగించారు. ఆ విభాగం నిపుణుల కమిటీ సిఫారసు తీసుకుని 2011 ఆగస్టులో గర్భనిరోధకాలను జాబితాలో పెట్టింది. చట్టంలో కాకుండా మార్గదర్శకంలో ఉండటం వల్లే ప్రభుత్వం మారినప్పుడల్లా ఇది నిలుస్తుందా అన్న టెన్షన్ మళ్లీ మొదలవుతుంది.

ఫలితం మాత్రం త్వరగానే కనిపించింది. బీమా క్లెయిముల ఆధారంగా 2015లో వచ్చిన ఒక అధ్యయనం 2012, 2013 సంవత్సరాల మొదటి ఆరు నెలలను పోల్చి చూసింది. ఒక చీటీ మాత్రలకు మహిళ సొంతంగా పెట్టిన సగటు ఖర్చు 32.74 డాలర్ల నుంచి 20.37 డాలర్లకు తగ్గింది. గర్భాశయంలో పెట్టే లూప్‌కైతే 262.38 నుంచి 84.30 డాలర్లకు పడిపోయింది. రెండో అంకె ఎక్కువ చెబుతుంది. మాత్రకు నెలకు ఇరవై డాలర్లు ఎలాగోలా సర్దుకునేవారు కూడా లూప్‌కు ఒకేసారి వందల డాలర్లు కట్టలేరు. అంటే ధర వల్ల మహిళ తనకు నప్పే పద్ధతి వదిలేసి, ఆ నెలకు చవకగా దొరికేదాన్ని ఎంచుకోవాల్సి వచ్చేది.

ఈ విషయాన్ని సెయింట్ లూయిస్‌లో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఇంకా స్పష్టంగా చూపింది. 2007 నుంచి 2011 వరకు 9,256 మంది మహిళలను చేర్చుకుని, ఏ పద్ధతి కావాలన్నా ఉచితంగా ఇచ్చారు. డబ్బు సంగతి పక్కకు పోయేసరికి సుమారు 75 శాతం మంది లూపో, చేతిలో పెట్టే ఇంప్లాంటో ఎంచుకున్నారు. మాత్ర, చర్మంపై అంటించే ప్యాచ్, యోనిలో పెట్టే రింగ్ వాడినవారిలో పద్ధతి విఫలమయ్యే అవకాశం, వీరితో పోలిస్తే దాదాపు 20 రెట్లు ఎక్కువని తేలింది. మాత్రలో లోపమేమీ లేదు. రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవాలి, సమయానికి కొత్త ప్యాకెట్ తెచ్చుకోవాలి. చిక్కంతా అక్కడే.

### జాబితా, కోడ్, క్యాలెండర్

చట్టం ఉచితం అన్నాక కూడా కౌంటర్లో బిల్లు ఎలా పుడుతుంది? ఎక్కువగా మూడు చోట్ల.

మొదటిది మందుల జాబితా. ఎఫ్‌డీఏ గుర్తించిన 18 రకాల పద్ధతుల్లో ఒక్కోదానికి కనీసం ఒక్క మందైనా ఉచితంగా ఇవ్వాలని 2015 మేలో ప్రభుత్వం వివరణ ఇచ్చింది. కనీసం ఒక్కటి అన్న మాటలోనే కిటుకంతా ఉంది. రెండు హార్మోన్ల మాత్ర ఒక పద్ధతి కింద లెక్క. ఆ ఒక్క వర్గంలోనే డజన్లకొద్దీ బ్రాండ్లు, జనరిక్‌లు ఉంటాయి. ప్లాను వాటిలో కొన్నిటిని ఉచిత జాబితాలో పెట్టి మిగతావాటికి కో-పే వేయవచ్చు. ఒక మాత్రకు తలనొప్పి, ఇంకోదానికి మధ్యమధ్య రక్తస్రావం అనుభవించి మూడోదానితో కుదుటపడ్డ మహిళకు ఆ మూడోది జాబితాలో లేకపోతే ఏం చేయాలి? ఆమెకు అదే అవసరమని డాక్టరు చెబితే ప్లాను దాన్ని ఉచితంగా ఇచ్చి తీరాలి, నిబంధన అలాగే ఉంది. కానీ ఆ మినహాయింపు అడిగే ఫారం ఎక్కడుందో డాక్టరు ఆఫీసులోనే చాలామందికి తెలియదు. ఒకే గుణమున్న మందుల్లో ఏదో ఒకటి ఉచితంగా ఉంటే చాలనే మరో పద్ధతిని 2024 జనవరిలో ప్రభుత్వం ప్లాన్ల ముందుంచింది. ఇష్టమున్నవారు పాటించవచ్చంతే.

రెండోది బిల్లింగ్ కోడ్. లూప్ వేయించుకుంటే పరికరానికి ఒక కోడ్, దాన్ని అమర్చినందుకు ఇంకోటి, విజిట్‌కు మరోటి, ముందు చేసే పరీక్షలకు వేరే. ఇది నివారణ సేవ, కో-పే వేయకండి అని బీమా కంప్యూటర్‌కు చెప్పడానికి మాడిఫయర్ 33 అనే రెండంకెల గుర్తు ఉంది. బిల్లు రాసే ఉద్యోగి దాన్ని ఏదో ఒక వరుసలో మరిచిపోతే ఆ ఒక్క వరుస మామూలు వైద్యంగా మారి డిడక్టిబుల్ కిందికి పోతుంది. మూడు వారాల తర్వాత ఇంటికి వందల డాలర్ల బిల్లు వస్తుంది. చట్టమూ బీమా పాలసీ కూడా మారలేదు, రెండంకెలు తప్పాయంతే. క్లినిక్‌కు ఫోన్ చేసి సరైన కోడ్‌తో మళ్లీ పంపమని అడిగితే ఇలాంటి బిల్లు చాలాసార్లు మాయమవుతుంది. అడగాలని తెలియనివారు కట్టేస్తారు.

మూడోది క్యాలెండర్. మాత్రల ప్యాకెట్‌లో సాధారణంగా 28 ఉంటాయి. 21 మాత్రల్లో హార్మోన్ ఉంటుంది, 7 ఉత్తవి. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయ పొర లాంటిది బయట పెరిగి నొప్పి పెట్టే జబ్బు) లాంటి బాధలున్నవారికి డాక్టర్లు ఉత్త మాత్రలు వదిలేసి వెంటనే కొత్త ప్యాకెట్ మొదలుపెట్టమని చెప్పడం మామూలే. అలా వాడితే ఏడాదికి 13 ప్యాకెట్లు చాలవు, 17 దాకా కావాలి. కానీ బీమా కంప్యూటర్ 28 రోజులే లెక్కపెడుతుంది. ముప్పావు వంతుకు పైగా రోజులు గడిస్తే గానీ తర్వాతి ప్యాకెట్‌కు ఒప్పుకోదు. చీటీ మీద ఏ పద్ధతిలో వాడాలో డాక్టరు స్పష్టంగా రాయకపోతే, ఇరవయ్యో రోజున వెళ్లిన మనిషికి "ఇంకా టైం కాలేదు" అన్న సందేశమే తెర మీద కనిపిస్తుంది. ఊరెళ్తున్నవారికీ ఇదే గతి.

### పదమూడు ప్యాకెట్లు ఒకేసారి

ఈ మూడోదానికి మందు అందరికీ తెలిసిందే: ఏడాదికి సరిపడా ఒకేసారి ఇచ్చేయడం. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం గల మహిళల కార్యక్రమంలోని 84 వేల మందికి పైగా రికార్డులు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వెలువడింది. నెలకో, మూడు నెలలకో తెచ్చుకునేవారితో పోలిస్తే, ఏడాది మందు చేతిలో ఉన్నవారికి అనుకోని గర్భం వచ్చే అవకాశం 30 శాతం తక్కువని అందులో తేలింది. మందు మారలేదు, డాక్టరు సలహా మారలేదు. ఇంట్లో డబ్బాలు ఎన్నున్నాయన్నదే తేడా.

టెక్సాస్‌లోని ఎల్‌పాసోలో కూడా ఇలాంటిదే బయటపడింది. అక్కడి మహిళలు కొందరు క్లినిక్‌లో చీటీ మీద ఉచితంగానో, తక్కువ ధరకో మాత్రలు తీసుకుంటారు. కొందరు సరిహద్దు దాటి మెక్సికో మందుల షాపుల్లో చీటీ లేకుండా కొనుక్కుంటారు. మధ్యలో మానేసినవారు ఎవరిలో ఎక్కువని చూస్తే, క్లినిక్‌లో కొన్ని ప్యాకెట్లే ఇచ్చి పంపినవారిలోనే ఎక్కువ. చవకగా దొరికినా మళ్లీమళ్లీ వెళ్లాల్సిన పని మనిషిని అలసిపోయేలా చేస్తుంది.

2015లో ఒరెగన్ మొదలుపెట్టిన ఏడాది మందు చట్టాన్ని తర్వాత కాలిఫోర్నియా సహా చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. అమలు అంత సజావుగా లేదు. చీటీ మీద డాక్టరు అలవాటుగా మూడు నెలలకే రాస్తారు. షాపులో అంత సరుకు ఉండకపోవచ్చు. ఏడాది మధ్యలో ఆమె బీమా మారిపోతే తాము నష్టపోతామన్న పాత లెక్క కంపెనీలను ఇంకా వదల్లేదు.

### యజమాని నమ్మకం, ఉద్యోగి బీమా

ప్రార్థనా స్థలాలకు మొదటి నుంచీ గర్భనిరోధకాలు ఉచితంగా ఇవ్వాలన్న ఫెడరల్ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 2014లో హాబీ లాబీ అనే దుకాణాల సంస్థ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, కొద్దిమంది చేతుల్లో ఉన్న లాభార్జన కంపెనీల యజమానులకు కూడా మత కారణంతో అభ్యంతరం చెప్పే వీలిచ్చింది. ట్రంప్ మొదటి ప్రభుత్వం మినహాయింపును మత, నైతిక కారణాలున్న మరెందరో యజమానులకు విస్తరించగా, 2020 జులైలో సుప్రీంకోర్టు 7-2తో ఆ నిబంధనలను నిలబెట్టింది. మొదట్లో యజమాని వద్దన్నా బీమా కంపెనీయే నేరుగా ఉద్యోగికి డబ్బు కట్టే ఏర్పాటు ఉండేది. ఆ నిబంధనలు దాన్ని యజమాని ఇష్టానికి వదిలేశాయి. అతను వద్దనుకుంటే ఉద్యోగికి వేరే దారి హామీగా లేకుండా పోయింది.

ఇవి కాక 2010 మార్చికి ముందు నుంచి పెద్ద మార్పుల్లేకుండా నడుస్తున్న పాత ప్లాన్లు, కొద్ది నెలల కోసం అమ్మే తాత్కాలిక ప్లాన్లు, బీమాలా కనిపించినా బీమా కాని మత సమూహాల ఖర్చు పంపకాల పథకాలు ఈ నిబంధన కిందికి రావు. మగవారి వేసెక్టమీ కూడా రాదు. ట్యూబెక్టమీ ఉచితం, దానికన్నా చవకైన, తేలికైన ఆపరేషన్‌కు మాత్రం బిల్లు. మహిళల నివారణ సేవలు అన్న శీర్షిక కింద చేర్చినందుకు వచ్చిన ఫలితమిది.

బీమా లేనివారి కథ వేరు. పేదలకిచ్చే మెడికెయిడ్‌లో 1972 నుంచీ కుటుంబ నియంత్రణ తప్పనిసరి సేవ. అందులో రాష్ట్రం పెట్టే ప్రతి పది డాలర్లలో తొమ్మిది ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది. ఇంత ఉదారమైన వాటా మెడికెయిడ్‌లో అరుదు. అయితే మెడికెయిడ్‌ను విస్తరించని టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో దానికి అర్హత దొరకడమే కష్టం. అలాంటివారికి 1970లో మొదలైన, ఫెడరల్ నిధులతో నడిచే టైటిల్ టెన్ క్లినిక్‌లే దిక్కు. వాటి నిబంధనలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటాయి.

### చీటీయే అడ్డు, చీటీయే తాళంచెవి

డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడం, సెలవు పెట్టడం, పిల్లలను ఎవరికో అప్పగించి వెళ్లడం. చీటీకి పెట్టే ఖర్చు ఏ బీమా కాగితంలోనూ కనిపించదు. దీన్ని తగ్గించడానికి ఒరెగన్, కాలిఫోర్నియా 2016లో ఫార్మసిస్టులే మాత్రలు రాసిచ్చే వీలు కల్పించాయి. ఓ ప్రశ్నపత్రం నింపి, బీపీ చూపించుకుంటే చాలు. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఇది ఉంది. కానీ ఫార్మసిస్టు వెచ్చించే సమయానికి చాలా చోట్ల బీమా డబ్బివ్వదు. గిట్టుబాటు కాని పనిని అన్ని షాపులూ నెత్తినేసుకోవు. మాత్ర ఉచితం, సంప్రదింపుకు ఫీజు.

చీటీని పూర్తిగా తీసేసే అడుగు 2023 జులై 13న పడింది. నార్జెస్ట్రెల్ అనే ఒకే హార్మోన్ ఉన్న ఓపిల్‌ను చీటీ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతించింది. అంతకు రెండు నెలల ముందు సలహా కమిటీ 17-0తో దాన్ని బలపరిచింది. 1973లో చీటీ మందుగా అనుమతి పొందిన పాత మందే ఇది. 2024 మార్చిలో షాపుల్లోకి వచ్చినప్పుడు నెల ప్యాకెట్‌కు కంపెనీ సూచించిన ధర 19.99 డాలర్లు, మూడు నెలలకు 49.99.

పాత చిక్కు ఇక్కడ తిరగబడింది. ఫార్మసీ కంప్యూటర్‌లో క్లెయిము మొదలు కావాలంటే రాసిన డాక్టరు గుర్తింపు సంఖ్య కావాలి. చీటీ లేనిదే ఆ సంఖ్య లేదు, సంఖ్య లేనిదే క్లెయిము లేదు. ఫెడరల్ నిబంధన కూడా చీటీ లేకుండా కొన్న మందుకు డబ్బివ్వమని ప్లాన్లను బలవంతం చేయదు. 2024 అక్టోబరులో బైడెన్ ప్రభుత్వం దీన్ని మార్చే ప్రతిపాదన తెచ్చి, దిగిపోయే ముందు 2025 జనవరిలో వెనక్కి తీసుకుంది. కాలిఫోర్నియా, మేరీలాండ్, న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో చీటీ లేకపోయినా డబ్బు కట్టాలన్న చట్టాలున్నాయి. స్వీయ బీమా ప్లాన్లకు అవి వర్తించవని వేరే చెప్పనక్కర్లేదు.

అపాయింట్‌మెంట్‌కు వెళ్లలేనివారి కోసం వచ్చిన మందుకు సొంత డబ్బు కట్టాల్సి వచ్చేది ఆ అపాయింట్‌మెంట్‌కు వెళ్లలేనివారే. వెళ్లగలిగినవారికి ఓ మార్గం ఉంది: డాక్టరును అడిగి చీటీ రాయించుకోవడం. చీటీ అక్కర్లేని మందుకు చీటీ. అది తీసుకుని మందుల అల్మారా దాటి కౌంటర్‌కు వెళ్లి, అక్కడ బిల్లు చేయించుకుంటే, తన ప్లాను జాబితాలో ఉన్నవారికి అదే ఓపిల్ ఉచితంగా వస్తుంది. పక్కనే అల్మారాలోంచి నేరుగా తీసుకున్న మరో మహిళ 19.99 కట్టి వెళ్తుంది.